హాడక్ పేరు కొట్టేసిన రాత్రి

గ్రిమ్స్‌బీలో చేపల కంపెనీ మాది.
సర్వర్లకీ చేపల పేర్లే పెట్టారు నాకు ముందువాళ్ళు:
కాడ్, లింగ్, హాడక్.
పన్నెండేళ్ళు ఉత్తరాలు మోసింది హాడక్.
ఇవాళ్టితో దాని నౌకరీ సరి.

"ప్లగ్గు లాగేస్తే పోలా?" అన్నాడు హోవార్డ్,
చేతిలో టీ కప్పు, బూట్ల మీద పొలుసులు.

పోదు హోవార్డ్.
మా వైపు, రేషన్ కార్డులో పేరు తీయించకపోతే
పోయిన మనిషి నెలనెలా బియ్యం తింటూనే ఉంటాడు.
ఇదీ అంతే.
డైరెక్టరీలో పేరున్నన్నాళ్ళూ
మిగతా సర్వర్లు వచ్చి దీని తలుపు కొడతాయి,
ఎవరూ పలకరు, మళ్ళీ కొడతాయి.

అందుకే మూడు వారాలుగా ఇల్లు ఖాళీ చేయిస్తున్నాను.
నాలుగు వందల పదకొండు మెయిల్‌బాక్సులు.
డ్రైవర్లవి చేతిసంచులు, సేల్స్ వాళ్ళవి లారీ లోడ్లు.
అకౌంట్స్ గ్లెనిస్‌ది ఒక్కటే తొమ్మిది గంటలు పట్టింది.
ఆవిడ ఏదీ పారేయదు.
చిరునామాల పుస్తకం కాడ్‌కి అప్పగించాను.
దారులన్నీ లింగ్ వైపు తిప్పాను.

అయినా లాగ్‌లో ఏదో కదులుతోంది,
ఖాళీ ఇంట్లో కట్టేయడం మరిచిన కుళాయిలా.
రాత్రి రెండూ పదికి, ఒక్క మెయిల్.
పంపేది: మూడో నంబరు కోల్డ్ స్టోర్.
"మైనస్ ఇరవై రెండు. తలుపు మూసి ఉంది."
అందుకునేది: లెన్ ఓవింగ్టన్, నైట్ వాచ్‌మన్.

లెన్ పోయి నాలుగేళ్ళు.
చదవనివి పద్నాలుగు వందల అరవై.
అన్నీ మైనస్ ఇరవై రెండే.
ఒక్కటి తప్ప.
పోయిన ఆగస్టు పదిహేడు:
"మైనస్ నాలుగు. తలుపు తెరిచి ఉంది."

ఆ తెల్లారి పదకొండు టన్నుల చేప పారబోశాం.
ఫోర్క్‌లిఫ్ట్ కుర్రాడు కీరన్‌ని ఇంటికి పంపేశాం.
ఎవరికీ తెలీలేదు, అన్నారు విచారణలో.
తెలిసింది.
హాడక్ చెప్పింది,
లెన్‌కి.

హోవార్డ్ టీ కప్పు కింద పెట్టాడు.
చాలాసేపు స్క్రీన్ వైపే చూశాడు.
"ఆ పిల్లాడి నంబరు ఉందా మన దగ్గర?"
గ్లెనిస్ దగ్గర ఉంటుంది, అన్నాను.

కోల్డ్ స్టోర్ మాటని డొరోటా ఫోన్‌కి తిప్పాను.
రాత్రి షిఫ్టు ఇప్పుడు ఆమెదే.
నమ్మకం చాలక, వెళ్ళి తలుపు తీసి నిలబడ్డాను.
పొగలాంటి చలి కాళ్ళ మీదుగా పారింది.
ఎక్కడో గేటు దగ్గర ఆమె ఫోన్ మోగింది.

అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ నొక్కాను.

మనలో గుమ్మం దాటేవాళ్ళు వెళ్తాననరు,
వెళ్ళొస్తానంటారు.
దీనికి ఆ మర్యాద కుదరదు.
ఇది వెళ్ళాలి, అంతే.
మళ్ళీ రాకూడదు, ఎవరి కలలోకీ, ఏ కేషులోకీ.
నలభై శాతం. డెబ్భై. చాలాసేపు తొంభై తొమ్మిది.

ఫ్యాన్లు ఆగాక తెలిసింది
పక్కగదిలో గడియారం ఉందని.

హోవార్డ్ ర్యాక్ మీది స్టిక్కరు గోటితో గీకి
తన టీ కప్పుకి అంటించుకున్నాడు.
ఒక మూల లేచిపోతోంది. బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.