ఆరు డిగ్రీలు

ఎర్రవి మడమను అస్సలు మెదలనీయవు.
పసుపువి ఆరు డిగ్రీలు వదులుతయి.
పంతానికి ఎర్రవే బిగించుకున్న.

మర్రిగూడ కాడ, అప్పటికే మోకాలు సలుపుతుంటే
గొర్లు అడ్డమొచ్చినయి.
బ్రేకు పడ్డది, బూటు ఊడలే.
సైకిలూ నేనూ ఒక్క ముద్దగా
కంకర మీద.

చాయ్ బండి బక్కమ్మ నవ్వింది, లేవలే.
లేవాలంటే ఆమెకు రెండు చేతులూ
బండి చక్రమూ కావాలె.
బోరునీళ్లు ఎన్నడో బిగించేసినయి
ఆ మోకాళ్లను.
"కాలు తిప్పరాదు బిడ్డా!" అన్నది.

రాత్రి అలెన్ కీతో
మూడేసి మరలు విప్పిన.
పసుపువి.
నొక్కితే టక్.
మడమ బయటికి తిప్పితే
మళ్లా టక్.
నడుమ, మోకాలికి
ఇటు కొంచెం, అటు కొంచెం.

ఆ కొంచెం ఎంతకొచ్చిందని
బక్కమ్మ అడిగితే
సగం ధరే చెప్పిన.