చిల్లర సంచి

మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రి, రెండో అంతస్తు.
నా పక్క కుర్చీల ఈదమ్మ.
ఇద్దరికీ అదే ఎర్రమందు, అవే చుక్కలు,
ఇద్దరికీ ఎడమ దిక్కే.
నాకు మెడ కింద పోర్టు పెట్టిన్రు, చేతులు ఖాళీ.
ఆమెకు నరం దొరకక మూడుసార్లు గుచ్చిన్రు.

"టీచరమ్మా, ఆమెది గూడ మీరే నింపుండ్రి"
నర్సు ఫారాలు ఒళ్ళో పెట్టి పోయింది.

ఊరు?
కోయిలకొండ అవతల. నేను ఆరేండ్లు పాఠం చెప్పిన ఊరే.
వయసు?
"ఆధారుల ఏమున్నదో అదే రాయి."
నలభై ఆరు. నాదీ అంతే.

చదువు?
నవ్వింది.
"ఈ వరకు వచ్చు. నా పేర్ల మొదటిది.
బిడ్డ నేర్పె. కడమది నేర్పేలోపు
అది హాస్టలుకు పోయె."

ఏడాది ఆదాయం?
"పని ఉన్న దినం చెప్పాల్నా, లేని దినమా?"
గీత మీద పెన్ను ఆగిపోయింది.
నా జీతం ఒకటో తారీఖున ఫోన్ల మోగుతది,
ఈ కుర్చీల కూసున్న దినాలకు కూడా.
"బస్సు నాకు ఊరికెనే,
తోడొచ్చే మొగోనికే టిక్కెట్టు.
అందుకే ఒక్కదాన్నే వస్తి."

గడ్డ ఎప్పుడు తెలిసింది?
నాది రాసుడు అల్కగ అయిపోయింది.
ఆదివారం, స్నానం చేస్తుంటే.
పదకొండో రోజుకు హైదరాబాదుల సూది పరీక్ష,
కార్డు చూపిస్తే చాలు.

ఈదమ్మ వేళ్ళు మడిచింది.
నెలలు కాదు, పంటలు.
"మొదటి పత్తి ఏరంగ చేతికి తగిలె, చింతగింజంత.
కంది కోసేయాల్లకు రేగుపండంత.
మల్ల వానలు, మల్ల విత్తు.
రెండో పత్తికి తోలు లోపలికి గుంజుకపోయె."

నొప్పి లేకుండెనా?
"ఉంటే పోకపోదునా?
నొయ్యనిదాని కోసం కూలి ఎట్ల ఇడుస్త?"

రవికెలకు చెయ్యి పోనిచ్చి
గుడ్డ సంచి తీసింది, నల్లదారం చుట్టినది.
"ఇరవై ఏండ్ల సంది ఈ దిక్కే పెడుతుంటి.
బిళ్ళలు ఒత్తి ఒత్తి
కాయ కాసిందనుకుంటి."

అందుల ఎంతుందో అడగలేదు.
చప్పుడు వినబడ్డది.

ఎనిమిదో తరగతి సైన్సుల ఒక పాఠం ఉండె.
వెనుక బెంచీల పోరగాండ్లు నవ్వుతరని
"ఇంటికాడ సదువుకోండ్రి" అని పేజీ తిప్పేసేదాన్ని.
ఏడాదికొకసారి, ఆరేండ్లు.
ఈదమ్మ బిడ్డ మూడో బెంచీ, కిటికీ పక్క.
ఇంటికాడ ఏం చదివిందో,
చదివినా తల్లికి ఏమని చెప్పిందో.
ఫారంల ఆ గడి లేదు.

"మీకంత జల్ది ఎట్ల ఎర్కైంది టీచరమ్మా?"
చదివిన, అనబోయి
సీసా ఎత్తి నీళ్ళు తాగిన.

సంతకానికి నర్సు ఇంకు డబ్బా తెచ్చింది.
ఈదమ్మ బొటనవేలు పిడికిట్ల దాచుకుంది.
పెన్ను అడిగింది.
సూది ఉన్న చేత్తోనే, గొట్టం ఊగుతుంటే,
గీత దాటి, గడి దాటి,
ఇంత పెద్ద ఈ.

నా మొకం చూసింది.
"దీని తర్వాతది?"

సీసాల ఇంకా గంట మందు ఉంది.
ఫారం వెనుకకు తిప్పి పెట్టిన,
"ద".