సాగుడోడు

ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి
టేపేసి, "కదిలియ్యకు తాతా" అని
సిస్టర్ పక్క మంచానికి పోయింది.
నాలుగు గంటలు.
ఇగ నాకు మిగిలింది కుడిచెయ్యి,
అండ్ల బొటనవేలు,
కింది మూల పలిగిన ఫోను.

ఫోన్ల ఒకడున్నడు.
ఎర్రటి ముసుగు, పచ్చ లాగు, లాగు మీద చెడ్డి.
చెయ్యి పట్టి గుంజితే సాగుతది,
గోడ సుట్టు తిరుగుతది, రంపాల నడుమ దూరుతది,
దొంగ మెడ దొరికేదాక సాగుతనే ఉంటది.
ఆటకు ఇంగ్లీషుల ఏదో పేరున్నది.
నేను మాత్రం సాగుడోడనే అంట.

ఎక్కిచ్చింది నౌషీను.
మండిబజార్ పిల్ల, ఇంటర్ మొదటి సంవత్సరం,
కిటికీ పక్క మంచం ఆమెది.
నేను పైకి చూసుకుంట
ఫ్యాను రెక్కలు లెక్కవెడుతుంటే
"మూడే కదా తాతా, ఎన్నిసార్లు లెక్కవెడతవ్" అని
నా ఫోను గుంజుకున్నది.

మొదట్ల నా సాగుడోడు ఊకె సచ్చేటోడు.
రంపం తాకితే చెయ్యి తెగి మాయమయ్యేది.
ఐదు ప్రాణాలిస్తరు. ఐదూ పది నిమిషాల్ల ఒడిసేటియి.
మళ్ల ఒక్క ప్రాణం నిండాల్నంటే అరగంట.
"మన మిషిను కంటె నయమే" అన్నది నౌషీను,
"దానికి నాలుగు గంటలు."

ఆట నడుమ యాడొస్తది.
గ్లాసు నిండ ఐసు, మీద నల్లటి కూల్‌డ్రింకు,
గ్లాసు బయట చెమట బొట్లు కారుతుంటయి.
ముప్పై సెకండ్లు. దాటేసే బటన్ లేదు.
దినానికి మూడు గ్లాసులు దాటొద్దన్నడు నాకు డాక్టరు,
మాత్రలకు, చాయకు, అన్నీ కలిపి.
ఆ ముప్పై సెకండ్లు కండ్లు మూసుకుంట.
పక్క మంచం కాడ గూడ చప్పుడుండదు.

అరవై రెండో లెవెల్ల చిక్కు వడ్డది.
పదహారు స్తంభాలు, నడుమ ఏడు రంపాలు,
దొంగ అవతలి మూలకు.
నౌషీను మూడు వారాలు ఆగిపోయిన జాగ.
సూటిగ గుంజితే అందదు, సుట్టు తిప్పితే పొడుగు సాలదు.
చూసుకుంట చూసుకుంట ఉంటే
స్తంభాలు పోయి పోగులు కనవడ్డయి.
కొత్తవాడల నలభై ఏండ్లు జంపఖానాలు నేసినోన్ని,
పడుగుల పేక ఎట్ల పోతదో నాకు చెప్పాల్నా?
ఒకటి మీద, ఒకటి కింద,
ఒకటి మీద, ఒకటి కింద,
బొటనవేలు నాడె లెక్క ఉరికింది.
దొంగ దొరికిండు.
ఫోన్ల పటాకులు.
నౌషీను "యా అల్లా" అని ఎంత గట్టిగ ఒర్రిందంటే
సిస్టర్ బీపీ మిషిను పట్టుకొని ఉరికొచ్చింది.

ముందు ముందు శక్తులెన్నో ఉన్నయట.
వందో లెవెలుకు గోడలకెల్లి చూసే కండ్లు,
నూటయాభైకి కాలాన్ని ఆపే గడియారం.
నాకు ఆ చెయ్యి ఒక్కటి చాలు.
ఎడమచేత్తోని బరువు లేపొద్దన్నడు డాక్టరు,
అచ్చుపలక గుంజొద్దన్నడు.
మోచేతి కాడ చెవి పెడితే అది జుయ్యిమంటది
కండెలు చుట్టే రాట్నం లెక్క.
ఇంట్ల గుంట మగ్గం మీద
ఎరుపు నలుపు గళ్ల జంపఖానా, మూరెడు తక్కువ.
మంచంల పండుకొని కుడి బొటనవేలితోని
గుంజుత, గుంజుత,
ఎంజీఎం గోడ దాటి, పోచమ్మమైదాన్ దాటి,
మా గల్లీల దూరి, గుంటల దిగి
నాడె అందుకొని ఒక్క వరుస ఏసొస్తది చెయ్యి.
ఈ లెవెలు ఆటల లేదు.

పరీక్షలని నౌషీను షిఫ్టు మార్చిండ్లు.
నాకు పొద్దుగాల, ఆమెకు పొద్దుమూకినంక.
కిటికీ పక్క మంచంల ఇప్పుడు
నర్సంపేట నుంచొచ్చే పెద్దమనిషి. మాట్లాడడు.
నిన్న ఐదు ప్రాణాలూ ఒడిసినయి.
ఫోను ఛాతి మీద పెట్టుకొని రెక్కలు మొదలువెట్టిన.
ఒకటి. రెండు.
టింగుమన్నది.
ఆ ఆటకు తెలుగు సక్కగ రాదు,
ఒత్తులు ఇరిగి పక్కకు పడ్డయి, కూడవెట్టుకొని చదివిన:
నౌషీన్ మీకు ఒక ప్రాణం పంపింది.
తీసుకుంటారా?

అవునన్న బటన్
అద్దం పలిగిన మూలకే ఉన్నది.
ఒత్తిన. పట్టలే. మళ్ల ఒత్తిన.
నర్సంపేటాయన ఇటు మొకం తిప్పిండు.
"ఏం ఆటే అది?"