నాణెం పట్టే సందు

డోనెగల్‌లో నవంబరు.
అట్లాంటిక్ గాలి వానని అడ్డంగా విసురుతోంది.
డింఫ్నా తలుపు తీయలేదు, భుజంతో నెట్టింది.
ద్వారబంధం ఒరిగి రెండేళ్లయిందట.

గోడ పరీక్షకి వచ్చినవాణ్ణి నేను.
డ్రిల్లు దింపి, చెయ్యంత ముక్క లాగి
ల్యాబుకి పంపాలి.
లాగాను. ముక్క రాలేదు.
టీలో మరిచిపోయిన రస్కులా
బూడిదరంగు ముద్ద నా బూట్ల మీద పడింది.

కట్టేనాడు ఫియక్రా ఒక్కో సిమెంటు దిమ్మెనీ
పుచ్చకాయ కొనేవాడిలా తట్టి చూశాడట.
కంకరలో అభ్రకం ఉందని
తడితే తెలుస్తుందా?

హాల్లో పైనుంచి కిందికి పగులు.
అందులో యూరో నాణేలు, వరసగా.
"ఈస్టరుకి ఒకటి పట్టింది. ఇప్పుడు నాలుగు.
బ్యాంకుకైతే ఒకటో తారీఖున ఇస్తే చాలు,
దీనికి ఎప్పుడడిగితే అప్పుడు ఇవ్వాలి."
నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు.

ఇంకా పదకొండేళ్ల కిస్తీలు.
ఫ్రిజ్ మీద బీమా కంపెనీ ఉత్తరం,
'నిర్మాణ లోపం' అన్నచోట ఎర్ర గీత.
కొనేవాడు లేడు.
కూలగొడితే ఇల్లు పోతుంది, అప్పు నిలబడుతుంది.
పిల్లవాడు కోటు తొడుక్కునే పక్కెక్కాడు,
రాత్రి ఏ గదిలోకి మారాలో
ముందే తెలియదు కాబట్టి.

సంచీ మీద చీటీ అంటించాను.
ఇంటి నంబరు, తేదీ, తడి పొడి వివరాలు.
ఆమె పేరు రాసే గడి లేదు.

"వెళ్లేటప్పుడు తలుపు గట్టిగా వేయకండి," అంది.
నేను వేయనే లేదు.
గాలి వేసింది.

గోడ లోపల ఎక్కడో
ఒక నాణెం జారుతున్న చప్పుడు,
చాలాసేపు.