పావు తిప్పు

తప్పు నాదే, ముందే చెప్తున్నా.
క్లచ్ మూత కింద ఆయిల్ కారుతోందని
ఆదివారం పూట ఇంట్లోనే విప్పబోయి
నాలుగు స్క్రూలు తీసి, ఐదోదాని దగ్గర
పంతానికి పోయాను.
డ్రైవర్ జారింది. మళ్లీ జారింది.
మూడోసారి జారేసరికి
తల మీదున్న ప్లస్ గుర్తు కాస్తా
చిన్న గిన్నె అయి కూర్చుంది,
ఓ నువ్వుగింజ పెడితే పట్టేటంత, నున్నగా.

సోమవారం పొద్దున బండి తోసుకుంటూ పోయాను
తాడిపత్రిలో పాలిష్ ఫ్యాక్టరీల రోడ్డు మీద,
బండల పొడి ఎగిరెగిరి
వేపచెట్లూ ఆటోలూ మనుషుల కనుబొమ్మలూ
ఒకే రంగుకు వచ్చేసిన చోట
ఉసేన్ పీరా షెడ్డుకు.

అతను తిట్టలేదు. అదే కష్టంగా ఉంది.
గొంతుక్కూర్చుని
బొటనవేలితో ఆ గుంతను తడిమాడు,
చంటిపిల్ల మాడు తడిమినట్టు.
"ఎవురు సేసినారు సామీ ఈ పని?"
"ఎవరో," అన్నాను.
"ఆ ఎవురోకి సెప్పు,
తొలిసారి జారినప్పుడే సెయ్యి ఆపల్లని."

కిరసనాయిలు రెండు చుక్కలు పోసి
టీ తాగొచ్చాం.
సైకిల్ ట్యూబు ముక్క తల మీద పరిచి
డ్రైవర్ అదిమి తిప్పాడు. ట్యూబు చిరిగింది.
వాల్వులు నూరే పేస్టు గోటితో తీసి పెట్టాడు.
ఊహూ.
సుత్తితో కొట్టి తిప్పే డ్రైవరును
గుత్తిలో ఉండే తమ్ముడు పట్టుకుపోయాడట,
ఏ తమ్ముడైనా తిరిగిచ్చాడా.

"డ్రిల్లు పెడదామా?" అన్నాను, అన్నీ తెలిసినట్టు.
"డ్రిల్లు ఆఖరి మాట సామీ.
అది ముందే అనేస్తే ఇంగేం మిగుల్తాది?"

పెట్టె అడుగు నుంచి ఒక ఉలి తీశాడు.
ఇంజను పనిది కాదు, బండలు చీల్చేది.
వాళ్ల నాయన గనిలో కొట్టీ కొట్టీ
చూపుడువేలంత మిగిల్చిపోయింది.
గడియారంలో తొమ్మిది ఉండే చోట
స్క్రూ అంచుకు ఆనించి, కిందికి వాల్చి,
టక్.
టక్.
బలంతో కాదు, వరసతో.
ఓబులేసు సెల్‌ఫోను లైటు పట్టుకుని
ప్రతి దెబ్బకూ రెప్ప వేస్తున్నాడు.

పదిహేనో దెబ్బో పదహారో,
కిర్‌మంది.
వెంట్రుకవాసి.
అంతసేపూ ముగ్గురం ఊపిరి బిగబట్టామని
అప్పుడే తెలిసింది.

పటకారుతో తీసి, గుడ్డతో తుడుస్తూ ఆగాడు.
తల అంచున ఎర్ర మరక, ఎండిన గోళ్లరంగు.
"మా ఉస్తాద్ గుర్తు ఇది. బిగిచ్చిన ప్రతి మూతకూ
ఒగ స్క్రూకి పెట్టేటోడు, ఆయమ్మ సీసాలోది.
బండి ముందర ఎవురిది?"
"పశువులాసుపత్రి కాంపౌండరుది. యాడికి ఊళ్లో."

కాసేపు ఏమీ అనలేదు.
"అయితే ఇది బిగిచ్చింది నేనే.
పదకొండేండ్లు నాకప్పుడు.
ముందురోజు వొదులుగా బిగిచ్చినానని
సెంప పగలగొట్టినాడు ఉస్తాదు.
మర్సనాడు ఈ బండి వొచ్చె.
బలం యాడుంది నాకు? స్పానరుకు యాలాడి బిగిచ్చినా."

ఆదివారమంతా నేను కుస్తీపట్టి ఓడింది
ఒక పదకొండేళ్ల పిల్లోడితో.

కొత్త ప్యాకింగు వేశాక
కొత్త స్క్రూ ఓబులేసు చేతికిచ్చాడు.
వాడు తిప్పాడు, ఆనింది, పళ్లు బిగించాడు.
"సాలు సాలు! ఆనినాక పావు తిప్పు. అంతే.
రేప్పొద్దున ఇప్పేటోడు గూడా మనిసే కదరా."

స్క్రూ ఐదు రూపాయలు, పని నూటిరవై.
పాతది ఇమ్మంటే ఇవ్వలేదు,
చొక్కా జేబులో పెన్ను పక్కన వేసుకున్నాడు.

ఫ్యాక్టరీలు దాటాక బండి ఆపాను.
ఆ 'ఎవరో' నేనేనని చెప్పనేలేదు.
వెనక్కి చూస్తే షెడ్డు కనబడలేదు, తెల్లటి పొడి.
రేపు చెప్దాంలే అని గేరు వేశాను.

ఆయిలైతే కారడం లేదు.