మినహా

కోర్టు నేలమాళిగలో, బాయిలరు పక్కన,
నలభై ఒకటో వాల్యూము, రెండువందల పన్నెండో పేజీ.
పుస్తకం ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి.
ఇరవైమూడేళ్ళుగా నా పని ఇదే:
టార్బెల్ కౌంటీలో ఎవరు ఇల్లు కొన్నా
ఆ నేల ఎవరి చేతుల్లోంచి వచ్చిందో
వెనక్కి వెనక్కి నడిచి చూసి రావడం.

ఈసారి ఆర్చర్డ్ క్రీక్ ఎస్టేట్స్, పద్నాలుగో ప్లాటు.
మూడు పడకగదులు, రెండు కార్ల గరాజు, శుక్రవారం సంతకాలు.
కొనేది ట్రిప్లెట్ దంపతులు.
ఆయన టైర్ల గిడ్డంగిలో, ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది.

లింకు దస్తావేజులు ఒక్కొక్క మెట్టూ దిగాను.
2004, బిల్డరు. 1978, మొక్కజొన్న రైతు, విడాకులు.
1931, షరీఫు వేలం: ఎనభై ఎకరాలు,
ధాన్యపు కొట్టు, ఒక కుంటి గుర్రం.
"ఇక చాల్లే ఆర్డిస్," అన్నాడు బాసు,
"చట్టం అడిగేది నలభై ఏళ్ళే."
ఆగేదాన్నే.
కానీ లెక్కలో ఒక పావు ఎకరం
ఎక్కడినుంచో వచ్చి కూర్చుంది.

1887. చెక్కుబందీ:
తూర్పున వాగు.
ఉత్తరాన మూడు గొడ్డలి గాట్లున్న తెల్ల ఓక్ చెట్టు.
పడమట ఒబడాయా క్రంప్ కంచె.
దక్షిణాన రాళ్ళు. అంతే, రాళ్ళు.
అమ్మినది హెస్టర్ గాడిస్, భర్త లేడు, చదువు రాదు.
నిశానీగా ఒక ఇంటూ గుర్తు.
దాని ఒక కాలు దగ్గర సిరా మడుగు కట్టింది,
కలం అక్కడ ఆగి ఉంటుంది.

గుమాస్తా రాత గుండ్రంగా
ఆచంద్రార్కం, పుత్రపౌత్ర పారంపర్యం అంటూ సాగిపోయి
చివర, వేరే ఊపిరితో, ఒక్క వాక్యం:
"నా పిల్లలు నలుగురూ ఉన్న పావు ఎకరం మినహా."

1902లో ఆ మాట ఉంది. 1919లో ఉంది.
1931లో టైపు చేసినవాడు ఆ లైను దాటేశాడు.
ఆకలో, చలో, ఇంటికెళ్ళే తొందరో.
మాట రాలిపోయి
నేల సరిసమానపు అంకె అయింది.

మధ్యాహ్నం వెళ్ళి చూశాను.
వాగు ముప్ఫైఆరు అంగుళాల గొట్టంలో ఉంది.
ఓక్ చెట్టు ఉండాల్సిన చోట ఉత్తరాల డబ్బాలు.
పెరట్లో, ట్రాంపొలీన్ వెనక, బుల్డోజరు తిరగలేని మూల
గడ్డి కొంచెం కొంచెం లోపలికి దిగింది,
పిండిలో పిడికిలి అదిమి తీసినట్టు.
ఒకటి, రెండు, మూడు.
నాలుగోది ఉందనే అనుకున్నాను.
ఏటా మందు కొట్టినా చావని నీలిపూల తీగ ఒకటి
కంచె దాటి పక్కింట్లోకి పాకింది.

మినహాయింపుల పట్టికలో తొమ్మిదో అంశంగా టైపు చేశాను.
బాసు చదివాడు, కళ్ళజోడు తీశాడు,
మళ్ళీ పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు.

సాయంత్రం ఫోను.
ధర తగ్గించమంటారనుకున్నాను.
"పేర్లేమైనా ఉన్నాయా?" అంది ఆవిడ.
లేవండీ. నలుగురు అని మాత్రం ఉంది.
అవతల, అట్టపెట్టెలకు టేపు అంటిస్తున్న చప్పుడు
ఆగింది.
కాసేపటికి
మళ్ళీ మొదలైంది.