తడిపితేగాని

ఒంగోలు, కర్నూలు రోడ్డు. మందుల షాపు మీద మేడగది.
"ఇక్కడ ఆడా మగా చెప్పబడదు" అని గోడకి బోర్డు.
ఏ బిడ్డ అని ఎవరూ అడగరు.
ఎక్కడ అని నేనే అడగాలి, ప్రతి పొట్టనీ.

ఏసురత్నం. ఇరవై ఏడు.
టంగుటూరులో పొగాకు గ్రేడింగు.
వేళ్ళ సందుల్లో ఇంకా ఆకు జిగురు.
నెల తప్పి ఇరవై రోజులు, లంగా మీద గోరంత మరక.
"నొప్పేం పెద్దగా లేదు మేడం,
పాత కుట్టు కాడ చీమ కుట్టినట్టు."

పాత కుట్టుకి మూడేళ్ళు.
ఉమ్మనీరు పోయిందని పెద్దాసుపత్రిలో
రాత్రికి రాత్రి కోసి తీసిన పిల్ల, షారోను,
బయట బెంచీ మీద బిస్కెట్టు నాకుతోంది.

పైనించి చూశాను. చాలక లోపలినించి చూశాను.
గర్భసంచిలో ఎవరూ లేరు.
ఊడ్చి చాప పరిచిన గది,
చుట్టం రాలేదు.
కింద ముఖద్వారం మూసే ఉంది. అక్కడా లేరు.
ముందు గోడలో, కోత అతుకు పడిన చోట,
నల్లటి బొట్టు. చుట్టూ తెల్లటి అంచు.
ఇంట్లో దిగాల్సింది
గోడ పగుల్లో దిగింది.

ప్రోబుతో మెల్లగా నెట్టాను.
జారిపోయే గర్భమైతే కదిలేది.
కదల్లేదు.
రంగు వేశాను. బొట్టు చుట్టూ
ఎరుపూ నీలమూ, పొయ్యి రాజుకున్నట్టు.
బొట్టుకీ మూత్రాశయానికీ మధ్య ఎంత కండ ఉందో కొలిచాను:
ఒకటి పాయింటు ఎనిమిది మిల్లీమీటర్లు.
నమ్మక మళ్ళీ కొలిచాను.
రూపాయి బిళ్ళను నిలబెడితే ఎంత మందమో అంత.

గుండె ఉంది. నిమిషానికి నూట ముప్పై రెండు.
సౌండు బటను మీదికి పోయిన వేలు
వెనక్కి తీసుకున్నాను.

ఆరేళ్ళ కింద కనిగిరి నుంచి ఒకామె.
అప్పటికి నా చేయి తిరగలేదు.
"సంచి కిందికి జారుతున్నది" అని రాశాను.
నాలుగే మాటలు రాయించి ఉంటాను, ఫోన్లో మాట్లాడుతూ.
ఆ కాగితం నమ్మి కడుపు శుభ్రం చేయబోయారు.
ఎక్కించిన రక్తం ఎక్కించినట్టే పోయింది.
బతికింది. గర్భసంచి తీసేశాకే బతికింది.
అప్పుడామెకి ఇరవై మూడు.
పేరు గుర్తు లేదు, ఫారం నెంబరు గుర్తుంది.

తలుపు దగ్గర దానియేలు నిలబడ్డాడు,
చీమకుర్తి క్వారీ దుమ్ము కనుబొమల్లో తెల్లగా.
తెర చూసి, "మా గెలాక్సీ రాయిలాగుంది మేడం,
నలుపులో చుక్కలు" అన్నాడు.
నేనేం అనలేదు. తనే అన్నాడు మళ్ళీ,
"పొడిగా ఉంటే రాయి అద్దమేనండి.
లోడుకి ముందు నీళ్ళు కొడతాం.
రాయంతా ఆరిపోద్ది,
పగులు ఒక్కటే తడి తాగి నల్లగా నిలబడతది.
తడిపితేగాని తెలవదు."

నా చేతి మీద జెల్లు ఆరుతోంది.

ఏసురత్నం మోచేతుల మీద లేచింది.
"బతికుందా?"
ఉంది.
"మరి యాడుంది?"
పొట్ట మీద కోత పక్కన వేలు పెట్టి చూపించాను.
చాలాసేపు ఆ వేలినే చూసింది.
"షారోను బైటికొచ్చిన కాడా?" అంది.
ఇన్నేళ్ళ చదువులో
దీన్ని ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు నాకు.

ఉంచితే గోడ పగులుతుందని చెప్పాను.
పగిలేది ఎప్పుడో చెప్పి పగలదనీ,
ఇవాళే వెళ్ళాలనీ చెప్పాను.
బిడ్డ తప్పేం లేదని చెప్పబోయి
మానేశాను. అది నా రిపోర్టులో రాసే మాట కాదు.
"గ్రేడింగులో వారం కూలి ఇంకా రావాలి" అందామె,
చీర సర్దుకుంటూ, ఎవరితోనో.

పెద్ద డాక్టరుకి ఫోను చేశాను.
శుభ్రం చేయడం కాదమ్మా, ముందు ఎమ్మారై,
రక్తం సిద్ధం పెట్టుకోండి, అన్నాను.
ఈసారి ఒక్కో మాటా నేనే టైపు చేశాను,
స్పెల్లింగు రెండుసార్లు చూసుకుని.

ప్రింటరులోంచి వెచ్చగా వచ్చిన బొమ్మని
దానియేలు ట్యూబులైటు కింద
ఏటవాలుగా పట్టుకుని చూస్తున్నాడు,
పలకని చూసినట్టే.
షారోను అతని ప్యాంటు లాగుతోంది.
"ఏంది నాన్నా అది?"
"రాయమ్మా" అన్నాడు.